హన్‌చోన్ డోలు ఎవరు తీశారు?

డోలు మాయమైంది.

తాళం పగల్లేదు. కిటికీ వేసింది వేసినట్టే ఉంది. డోలు పెట్టే చెక్కపీట మాత్రం ఖాళీ.

ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యాహ్నం రెండింటికి. ఇన్‌స్పెక్టర్ మా గ్యోంగ్‌జా ఆ పీట ముందు నిలబడేసరికి పదకొండు దాటింది.

సియోల్లో స్టేడియం ఎదురుగా ఉన్న పులుసన్నం హోటల్ అది. నడిపేది బాంగ్ మీరన్. రాజధాని జట్టు అభిమానుల జెండాలు, డోలు ఆ హోటల్ వెనకగదిలో ఉంటాయి.

ఇరవై రెండేళ్ల క్రితం ఆ జట్టు రాజధానిది కాదు. దక్షిణాన, మెట్రో రైల్లో వెళ్లేంత దూరంలో ఉన్న హన్‌చోన్‌ది. యజమానులు ఒకరోజు జట్టును ఎత్తుకొచ్చి సియోల్లో పెట్టారు. దాని వెంట డోలు కూడా వచ్చేసింది. హన్‌చోన్ వాళ్లు ఏడ్చారు. తిట్టారు. చివరికి సొంతంగా ఇంకో జట్టు కట్టుకున్నారు. అది కిందామీదా పడి ఈ ఏడు పెద్ద లీగ్‌లోకి వచ్చింది. ఇవాళ మొదటిసారి ఇక్కడ ఆడబోతోంది.

మ్యాచ్ ముందు ఆ డోలు వాళ్లది వాళ్లకి ఇచ్చేద్దామన్నది మీరన్. అభిమానులంతా సరేనన్నారు.

ఇప్పుడు ఇవ్వడానికి డోలు లేదు.

బయట రెండు ఊళ్ల వాళ్లూ గుమిగూడారు. అరుపులు లోపలికి వినిపిస్తున్నాయి.

"మా ఇంటికొచ్చి మమ్మల్నే దోచుకుంటారా?"

"ముందు దోచుకుంది ఎవర్రా?"

గ్యోంగ్‌జా ముగ్గురిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. గుర్తింపు కార్డులు తీసుకుంది. చూసి జేబులో పెట్టుకుంది.

ఒకరు మీరన్. రెండో మనిషి రాజధాని అభిమానుల నాయకుడు యోన్ థేగ్యు. జుట్టంతా తెల్లబడింది. మూడో మనిషి ప్యో దల్సు. హన్‌చోన్ నుంచి అందరికంటే ముందు దిగాడు. నల్లగా రంగేసిన జుట్టు. గట్టి చేతులు.

"తాళంచెవులు?"

"నా దగ్గరొకటి, థేగ్యు గారి దగ్గరొకటి మేడమ్," అంది మీరన్.

"పొద్దున్నుంచి గదిలోంచి ఏం బయటికెళ్లింది?"

"జెండాల బండి ఒక్కటే. స్టేడియంలోకి థేగ్యు గారే తోసుకెళ్లారు."

"అప్పుడు డోలు ఉంది," అన్నాడు థేగ్యు. "తలుపు తీసే ఉంచి వెళ్లా. ఈ మనిషి బాత్‌రూమ్‌కని అటే పోయాడు. సంచీ చూడండి మేడమ్, తెలుస్తుంది."

సంచీలో డోలు కొట్టే కర్ర దొరికింది. చెయ్యి పట్టే చోట నున్నగా అరిగిపోయింది.

"ఇది ఎక్కడిది?"

"నాదే," అన్నాడు దల్సు. "అప్పట్లో కొట్టేది నేనే. డోలు ఇక్కడికొచ్చింది. కర్ర నా దగ్గరుండిపోయింది."

"ఇరవై రెండేళ్లు దాచావా?"

"ఆ డోలు చప్పుడు టీవీలో విన్నప్పుడల్లా తీసి చూసుకునేవాణ్ణి. కుళ్లుకునేవాణ్ణి. అంత పెద్ద స్టేడియం మీకు. మా డోలు మీకు. కొట్టేది మాత్రం చండాలంగా."

థేగ్యు మొహం ఎర్రబడింది. "విన్నారా మేడమ్? కడుపంతా మంటే! వీడే తీశాడు."

"మీరిద్దరూ ముందు ఎప్పుడైనా కలిశారా?"

"ఇవాళే చూడ్డం," అన్నాడు థేగ్యు. "నేను పుట్టింది, పెరిగింది సియోల్లో."

గ్యోంగ్‌జా దల్సు వైపు చూసింది.

దల్సు కర్రను బల్ల మీద ఓ పక్కకి జరిపాడు. "చూడలేదని ఆయనే అంటున్నాడుగా," అన్నాడు. బల్ల మీది సోజు సారా సీసా తీసి కప్పు నింపాడు. థేగ్యు ముందుకు చాపాడు. "అరిచి అరిచి గొంతెండినట్టుంది. తాగు."

థేగ్యు రెండు చేతులతో అందుకున్నాడు. గోడవైపు తిరిగి ఒక్క గుక్కలో తాగి ఠక్కున కప్పు బల్ల మీద పెట్టాడు.

"డోలు దొరక్కపోతే ఇతన్ని స్టేషన్‌కి తీసుకెళ్లాలి మేడమ్," అన్నాడు.

"ఇతన్ని తీసుకెళితే బయట తలలు పగులుతాయి," అంది మీరన్. "మంచికని ఇచ్చేద్దామన్నా. నాదే బుద్ధి తక్కువ."

గ్యోంగ్‌జా లేచింది.

"థేగ్యు గారూ, ఇతని వయసెంత?"

"నాకేం తెలుసు?"

"అడిగారా?"

"దొంగ వయసు ఎవరడుగుతారు?"

"చూస్తే మీకంటే చిన్నవాడిలా ఉన్నాడు కదా?"

"అయితే ఏంటి?"

"ఇందాక ఇతను పోసిన కప్పు రెండు చేతులతో అందుకున్నారు. గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తాగారు. పెద్దవాళ్ల ముందు మనం అలాగే తాగుతాం. దొంగ అని మీరే అన్న మనిషి ముందు, జుట్టు నల్లగా ఉన్న మనిషి ముందు ఎవరూ అలా తాగరు."

థేగ్యు ఖాళీ కప్పు వైపు చూశాడు.

"నేను కార్డులు చూశా. ఇతను మీకంటే ఒక్క ఏడాది పెద్ద. ఆ ఏడాది సంగతి మీ చేతులకెలా తెలుసు?"

మీరన్ థేగ్యు వైపు తిరిగింది.

"జెండాల బండిని ఎవరూ వెతకలేదు," అంది గ్యోంగ్‌జా. "డోలు జెండాల కిందే ఉందా?"

థేగ్యు తలూపాడు.

"నాదీ హన్‌చోనే. ఆట లేకుండా ఉండలేక జట్టు వెనకాలే వచ్చా. ఊళ్లో ద్రోహి అన్నారు. ఇక్కడ పల్లెటూరోడు అన్నారు. సియోల్ వాణ్ణని చెప్పుకుని బతికా. వాళ్లకి ఊరుంది. కొత్త జట్టొచ్చింది. ఇప్పుడు డోలు కూడానా? నాకు మిగిలింది అదొక్కటే మేడమ్."

గ్యోంగ్‌జా దల్సు వైపు తిరిగింది. "నీకు తెలుసు."

"నోరు తెరవగానే గుర్తుపట్టా. ఊళ్లో డోలు మోసింది వాడే. ఒక్కరోజు కూడా కొట్టనివ్వలేదు నేను. తెలియదని వాడే అన్నాక, వాడి మనుషుల ముందు పరువెందుకు తియ్యడం?"

"కేసు పెడతావా?"

"డోలు వస్తే చాలు." దల్సు కర్ర సంచీలో పెట్టుకున్నాడు. "ఒరేయ్, మోసుకురా."

"సరే, అన్నా," అన్నాడు థేగ్యు. ఆ మాట నోటినుంచి దానంతటదే వచ్చేసింది.

ఒంటిగంటన్నరకి థేగ్యు డోలు భుజానికెత్తుకుని హన్‌చోన్ వాళ్ల గేటు దాకా నడిచాడు. సొంత మనుషులే వెనక నుంచి కేకలేశారు. తల తిప్పలేదు.

గేటు దగ్గర దల్సు ఆగాడు. "ఆ కండువా తీసేసి లోపలికి రా. ఇవాళ ఒక్క దెబ్బ నిన్ను కొట్టనిస్తా."

థేగ్యు మెడలో రాజధాని జట్టు కండువా తడుముకున్నాడు. డోలు కింద పెట్టాడు.

"తియ్యను, అన్నా."

అవతలి గ్యాలరీకి మెట్లెక్కుతుండగా మొదటి దెబ్బ పడింది. తర్వాత రెండోది. స్టేడియం అంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది.

థేగ్యు మెట్టు మీదే నిలబడిపోయాడు. పళ్లు కొరికాడు.

"దొంగసచ్చినోడు," అన్నాడు, "ఇప్పటికీ నాకంటే బాగానే కొడుతున్నాడు."