చిగుళ్ళ మీద నీలిగీత

నంజమ్మ మదనపల్లెలో డిటెక్టివ్ రాజగోపాల్ ఆఫీసు గదిలోకి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోలేదు. చంకలోని బిడ్డను ఆ పక్కనుంచి ఈ పక్కకు మార్చుకుంది.

"మా మామకి నేను మందు పెట్టినానంటాండారు సార్. ఆయన సచ్చిపోతే నన్ను జైలుకు పంపిస్తారంట. బతికినా శుక్రవారం పంచాయితీ పెట్టి, బిడ్డను పెరుక్కోని నన్ను కుప్పానికి తోలేస్తారంట."

కుప్పం ఆమె పుట్టిల్లు. ఇక మందంటే ఆ ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. ఆడది ఇంట్లోవాళ్ళను చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి కూట్లో కలిపి పెడుతుందని జనం చెప్పుకునే వస్తువది. చూసినవాడు మాత్రం ఒక్కడూ ఉండడు. ఎవరికి కడుపు నొప్పి వచ్చినా, ఒళ్ళు చిక్కినా కోడలి మీదికే పోతుంది అనుమానం. రాజగోపాల్ దగ్గర అసిస్టెంటుగా ఉన్న ముక్తియార్‌కు ఆ మాట వినగానే ఒళ్ళు మండింది.

ఆమె వెనకే వచ్చిన మొగుడు తిప్పేస్వామి గడప దగ్గర నిలబడ్డాడు. "దీని మీద నాకేం అనుమానం లేదు సార్. నేనూ దీని చేతి కూడే గదా తింటాండేది" అన్నాడు. అంటూనే పొట్ట పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. బస్సు కుదుపులకు తిప్పిందని సర్దిచెప్పాడు.

రాజగోపాల్ అతని ముఖంలోకి చూశాడు. డిటెక్టివ్ కాకముందు ఆయన పంటి వైద్యం చదువుతూ మధ్యలో మానేశాడు. చదువు పోయింది గానీ అలవాటు పోలేదు. ఎదుటివాడు నోరు తెరిస్తే మాట వినేముందు పళ్ళు చూస్తాడు.

"ఒంట్లో ఏం జరుగుతున్నా ముందు నోట్లో తెలుస్తుంది ముక్తియార్. మనిషి అబద్ధం చెప్పినా చిగుళ్ళు చెప్పవు" అంటుంటాడు. ముక్తియార్ ఆ మాటను కనీసం వందమందికి చెప్పి ఉంటాడు, తనే కనిపెట్టినట్టు.

మర్నాడు ఇద్దరూ పుంగనూరు దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళారు. నంజమ్మ మామ గంగప్ప వసారాలో నులక మంచం మీద ఉన్నాడు. మంద మొత్తాన్ని ఒంటిచేత్తో మేపిన మనిషి, ఇప్పుడు చెయ్యి పైకెత్తితే మణికట్టు వాలిపోతోంది. ముఖం పాలిపోయింది. ఆయన చెల్లెలు నారాయణమ్మ పక్కనే కాపలా కూర్చుంది. కోడలు రాకముందు ఆ ఇంటి వంటిల్లు ఆమెదే. ముక్తియార్ అనుమానం నేరుగా వెళ్ళి ఆమె మీదే పడింది.

"ఇంట్లో అందరూ తినేది ఒకటేనా?" రాజగోపాల్ నారాయణమ్మను అడిగాడు.

"ఒకటే సంగటి, ఒకటే ఊరిబిండి."

"మరి మీకేమీ కాలేదే?"

"యాల కాలేదు? నాకూ కడుపులో మెలిపెడతాండాది. మందు తీసే పాపన్న ఇచ్చిన విరుగుడు మింగబట్టే ఈ మాత్రం తిరగతాండాను. అన్నకీ అదే ఇస్తాండా, పొద్దునా రాత్రీ."

"ఇంకెవరు మింగుతారు?"

"మేమిద్దరమే. తిప్పడు వద్దన్నాడు, పెండ్లాం మీద నమ్మకమంట. పసిబిడ్డకి పెట్టొద్దని పాపన్నే చెప్పినాడు."

ఆమె తెచ్చి చూపించిన మాత్రలు ఎర్రగా, బెల్లంతో జిగురుగా ఉన్నాయి. రాజగోపాల్ ఒకటి జేబులో వేసుకుని గంగప్పను నోరు తెరవమన్నాడు. కింది పెదవి దించగానే, పళ్ళ మొదళ్ళ వెంబడి చిగుళ్ళ అంచున సన్నటి నీలిగీత కనబడింది. నారాయణమ్మ సణుగుతూనే నోరు తెరిచింది. అక్కడా అదే గీత. నంజమ్మ చిగుళ్ళు మాత్రం శుభ్రంగా, ఎర్రగా ఉన్నాయి.

అంతలో పాపన్న వచ్చాడు. వసారాలో బాసింపట్టు వేసి కూర్చుని, నంజమ్మ వడ్డించిన సంగటి రెండు ముద్దలు లాగించి, ఊరిబిండి పచ్చడి మళ్ళీ అడిగి వేయించుకున్నాడు.

"ఈయన ఎప్పుడొచ్చినా ఇక్కడే తింటాడా?"

"తింటాడు సార్" అంది నంజమ్మ. "ఒకప్పుడు నేనంటే కోపం. బిడ్డకి జరమొస్తే ఆయన దగ్గరికి పోకుండా ఆసుపత్రికి తీసకపోయినా. నన్ను సూసి వీధిలో ఆడోళ్ళందరూ ఆసుపత్రికే పోబట్టినారు."

తిరుగు బస్సులో ముక్తియార్ ఆగలేకపోయాడు. "నారాయణమ్మే కదా సార్?"

"విషం కలిపినవాళ్ళు దాన్ని తామే పూటపూటా మింగుతారా?" అని రాజగోపాల్ కళ్ళు మూసుకున్నాడు. బస్సు దిగగానే మాత్రను కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే స్నేహితుడికి ఇచ్చాడు.

శుక్రవారం గంగప్ప ఇంటి ముందర పంచాయితీ కూడింది. పెద్దమనుషులు, పాపన్న, ఇంటివాళ్ళు అందరూ ఉన్నారు. నంజమ్మ బిడ్డను ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు పొదివి పట్టుకుని ఓ మూల నిలబడింది.

"గంగప్ప ఒంట్లో ఉన్నది సీసం" అని మొదలుపెట్టాడు రాజగోపాల్. "సీసం కొన్నాళ్ళు కడుపులోకి పోతే చిగుళ్ళ మీద నీలిగీత పడుతుంది, కడుపు మెలిపెడుతుంది, చెయ్యి వాలిపోతుంది. పాపన్న మాత్రలో ఉన్నది దేవుడి విగ్రహానికి పూసే సింధూరం. అందులో ఉన్నది సీసమేనని పరీక్షలో తేలింది. మాత్ర వల్ల నొప్పి, నొప్పి చూసి మళ్ళీ మాత్ర. విరుగుడే విషం."

పాపన్న తొణకలేదు. "ఆ గీత మందు గీతే. నా మాత్ర దాన్ని బయటికి లాగతాండాది. తిప్పేస్వామి నా మాత్ర ముట్టలేదని ఊరందరికీ తెలుసు. ఆయప్ప నోరు సూడండి. గీతుంటే, అది నంజమ్మ కూట్లోదే."

తిప్పేస్వామి రెండడుగులు వెనక్కి వేశాడు. పెద్దమనుషులు పట్టుబట్టి నోరు తెరిపించారు. చిగుళ్ళ మీద నీలిగీత సన్నగా, స్పష్టంగా ఉంది. జనంలో గోల లేచింది. నంజమ్మ గోడ పట్టుకుంది.

రాజగోపాల్ తిప్పేస్వామి దగ్గరికి వెళ్ళి నెమ్మదిగా అన్నాడు. "నీ కడుపునొప్పి బస్సు వల్ల కాదని మొదటిరోజే నాకు తెలుసు. నువ్వు నోరు మెదపకపోతే బిడ్డను లాక్కుని నీ భార్యను ఇంట్లోంచి గెంటేస్తారు. చెప్పు."

తిప్పేస్వామి తల వంచుకుని పంచె మడతలోంచి కాగితం పొట్లం తీశాడు. అందులో ఎర్రటి మాత్రలున్నాయి. "పాపన్న సాటుగా ఇస్తాండాడు. నీకూ పెడతాదని భయపెట్టినాడు. ఎవురికీ సెప్పొద్దన్నాడు."

"విన్నారు కదా" అన్నాడు రాజగోపాల్ పెద్దమనుషులతో. "ఈ ఇంట్లో మాత్ర మింగిన ముగ్గురికీ గీత ఉంది. మింగని నంజమ్మకు లేదు. పాపన్న నంజమ్మ చేతి కూడు భయం లేకుండా తింటాడు, తన విరుగుడు తను మింగడు. కూట్లో ఏమీ లేదని అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే. నంజమ్మను చూసి జనం ఆసుపత్రికి పోతున్నారన్న కసితోనే మందు మాట పుట్టించాడు. మాత్రలో ఏముందో తెలుసు గనకే పసిబిడ్డకు వద్దన్నాడు. కాదంటే ఇప్పుడొకటి మింగమనండి."

పొట్లం పాపన్న ముందు పెట్టారు. అతను చెయ్యి చాపలేదు. చుట్టూ జనం మూగి దారి మూసేశారు. పోలీసులకు కబురు వెళ్ళింది. గంగప్ప మంచం మీదే ఏడుస్తూ, "తప్పయిపోయినాది తల్లీ" అని వాలిన చేతులే జోడించబోయాడు.

నంజమ్మ ఆయన చేతులు పట్టుకుని దించింది. తర్వాత మొగుడి ఎదుటికి వచ్చింది.

"ఎప్పటినించి?"

"ఆ పాపన్న మాటలు విని..."

"ఎప్పటినించి అని అడగతాండా."

"ఉగాది ముందరినించి."

"ఒక్క మాట అడిగుంటే, దినామూ నీ ముందర కూసోని మొదటి ముద్ద నేనే తినిండేదాన్ని గదా."

నంజమ్మ లోపలికి వెళ్ళి బట్టల పెట్టె తెచ్చుకుంది. "మామా, మీరు సార్‌తో ఆసుపత్రికి పొండి. నేను మాయమ్మ దగ్గరికి పోతాండాను. నన్ను ఎవురూ తోల్లేదు, నేనే పోతాండాను" అంది. బిడ్డ సంగతి తేల్చడానికి వచ్చిన పెద్దమనుషుల్లో ఒక్కరూ ఆమెకు అడ్డం రాలేదు.

కుప్పం బస్సు వచ్చేదాకా ముక్తియార్ ఆమె పెట్టె పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాడు. కేసు గెలిచిన సంతోషం అతనికి ఏ కోశానా లేదు.