మధ్యాహ్నం పడకేసే ఏసీ

"ఏమప్పా, ఏసీ చూసేకి వచ్చినావా, నీ మొగం చూసుకునేకి వచ్చినావా?"

ఆ ఇంట్లో ధనుంజయకు దక్కిన మొదటి మర్యాద ఇది. పొద్దున్నే వచ్చిన అతను అప్పటికి హాల్లో అద్దం ముందు నిలబడి క్రాఫు సర్దుకుంటున్నాడు. అడిగింది ఆ ఇంటి అమ్మాయి వనజ.

ధనుంజయకు ఎమ్మిగనూరులో ఏసీలు రిపేరు చేసే షాపుంది. షాపు చిన్నది, బోర్డు పెద్దది. బోర్డు మీద నల్లకళ్ళద్దాలతో అతని ఫోటో, కింద 'ఏసీ డాక్టర్' అనే బిరుదు. బిరుదు ఎవరిచ్చారని అడిగితే మాట మార్చేస్తాడు. తను చెయ్యి పెట్టాక చల్లబడని గది ఆదోని నుంచి నందవరం దాకా లేదని మాత్రం అడక్కపోయినా చెబుతాడు.

వనజ వాళ్ళ నాన్న వెంకటేశులు ఆదోనిలో పత్తి వ్యాపారి. హాల్లో ఏసీ పెట్టించాడు గానీ దాన్ని వాడటానికి ఆయనకు మనసొప్పలేదు. చుట్టాలొస్తే మాత్రం పదహారులో పెట్టి, వాళ్ళు వణకడం మొదలుపెట్టాక "ఎట్లుంది మా ఏసీ?" అని అడిగేవాడు. బీఎడ్ అయిపోయిన వనజ, డీఎస్సీకి చదువుకోవాలని పోరాడి మధ్యాహ్నాలు ఆ హాలును దక్కించుకుంది. దక్కించుకున్న వారానికే ఏసీ పడకేసింది.

"ఏమైంది మేడం దీనికి?" అన్నాడు ధనుంజయ, అద్దాన్ని వదల్లేక వదిలి.

"అది నువ్వు చెప్పాల. మధ్యాహ్నమైతే వేడి గాలి కొడతాది, కొంచేపటికి అదే నిల్చిపోతాది."

అతను స్టూలెక్కి ఫిల్టరు ఊడదీశాడు. ఊరంతా ఎగిరే పత్తి నూగు దాని నిండా మందంగా పట్టుకుని ఉంది.

"దీంట్లో దిండుకు సరిపోయేంత పత్తి ఉంది మేడం. మీ నాయన ఈడ కూడా స్టాకు పెట్టినాడా?"

వనజకు నవ్వొచ్చింది. దాన్ని పెదవి కింద నొక్కేసి, "కడిగి మాట్లాడు" అంది.

కడిగాడు. కడుగుతూ ఉపన్యాసమిచ్చాడు. ఫిల్టరు పదిహేను రోజులకోసారి కడగాలట. ఇరవైనాలుగులో పెట్టి ఫ్యాను సన్నగా తిప్పాలట. కిటికీకి మందపాటి కర్టెన్ వేయాలట. తలుపు తెరిచి పెడితే ఊరికంతా ఏసీ వేసినట్టేనట.

"ఇదంతా యాడ నేర్చుకున్నావు?"

"అనుభవం మేడం."

ఏసీ చల్లగా పనిచేసింది. ధనుంజయ బైకెక్కి, దారంతా ఈల వేసుకుంటూ ఎమ్మిగనూరు చేరాడు. మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది.

"డాక్టరు గారూ, మీ పేషెంటు మళ్ళీ పడుకుంది."

అతను సాయంత్రం వచ్చాడు. ఈ పక్క మెకానిక్కులెవరూ ఎండాకాలం మధ్యాహ్నం మేడ ఎక్కరు. అవుట్‌డోర్ యూనిట్ మీద చెయ్యి వేస్తే తోలు ఊడుతుంది. పొద్దునో సాయంత్రమో వస్తారు. ధనుంజయ వచ్చి స్విచ్చు వేస్తే ఏసీ చక్కగా చల్లటి గాలి కొట్టింది. మధ్యాహ్నం చెమటతో తడిసిన వనజ పుస్తకాలు దాన్ని చూసి ఏమనుకున్నాయో తెలీదు గానీ, వనజ మాత్రం కళ్ళు చిన్నవి చేసి అతన్ని చూసింది.

అట్లా మొదలైంది. మధ్యాహ్నం ఫోను, సాయంత్రం బైకు. ఒకసారి అవుట్‌డోర్ యూనిట్ నీళ్ళతో కడిగాడు. ఇంకోసారి కెపాసిటర్ మార్చాడు. గ్యాసు చూశాడు, వైర్లు చూశాడు. ఏసీలో మార్చడానికి ఇంకేమీ మిగలక, రోజుకో చొక్కా మార్చుకుని రాసాగాడు.

వనజ కూడా తక్కువది కాదు. ఫిర్యాదు చేసే మనిషికి తల దువ్వుకుని మల్లెపూలు పెట్టుకోవాల్సిన అవసరం ఏముందో ఆమెనే అడగాలి.

మధ్యలో ఒకరోజు పొద్దున్నుంచే మబ్బు పట్టి జల్లు పడింది. ఆరోజు ఏసీ బాగా పనిచేసింది. వనజ ఫోను చేయలేదు. ఊరంతా వానకి సంబరపడుతుంటే ధనుంజయ షాపు ముందు కూర్చుని ఆకాశాన్ని తిట్టుకున్నాడు.

పక్క షాపులో మోటార్లు బాగుచేసే మాబు సాబ్ ఇదంతా గమనిస్తూనే ఉన్నాడు.

"బేటా, నువ్వు లేనప్పుడు చెడిపోతాది, నువ్వు ఆడికి పోతానే బాగైతాది. ఇది మిషన్‌కు వచ్చే రోగం కాదు. ఆ పిల్లకు వచ్చిండేది."

"అంటే?"

"అంటే చెడిపోలేదురా. నిన్ను చూడల్లని పిలుస్తాంది."

ధనుంజయ ఆ మాటను నమ్మడానికి క్షణం కూడా పట్టలేదు. తన గురించి ఎవరే మంచి మాట చెప్పినా నమ్మే అలవాటు అతనికి ముందునుంచీ ఉంది.

ఆదోనిలో వనజ లెక్క వేరుగా ఉంది. ధనుంజయ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి వదులు చేసి పోతున్నాడు, మళ్ళీ రావాలని. లేకపోతే డాక్టరు చేతిలో ఒకే రోగం ఇన్నిసార్లు ఎందుకు తిరగబెడుతుంది? కోపం తెచ్చుకోవాలని చాలా ప్రయత్నించింది. కోపం వచ్చేలోపే సాయంత్రం అవుతుండేది.

వెంకటేశులుకు అట్లాంటి ఇబ్బందేమీ లేదు. ఆయనకు కోపం బాగానే వచ్చింది. ఒక సాయంత్రం ధనుంజయ స్టూలు మీదుండగానే మొదలుపెట్టాడు.

"నీకు పని రాకపోతే రాదని చెప్పప్పా. మార్కెట్లో నిన్ను గురించి అందరికీ చెప్తాండా. రేపు సాయంత్రం కర్నూలు నుంచి వేరే మెకానిక్కు వస్తాడు. నువ్వు రాపన్లేదు."

ఆయన బయటికి పోగానే ధనుంజయ స్టూలు దిగాడు. ముఖం మాడిపోయి ఉంది.

"మేడం, ఇంక చాలు. నా పేరు పోతాంది. మీకు నన్ను చూడల్లనిపిస్తే ఉట్టినే ఫోన్ చేయండి. ఏసీ మీద అబద్ధాలు ఎందుకు?"

వనజ చేతిలో పుస్తకం టక్కున మూసింది.

"నేను అబద్ధాలు చెప్తాండానా? నువ్వు కదా ప్రతితూరి ఏదో లూజు చేసి పోతాండేది."

"నేనా? నా పనిని నేనే చెడగొట్టుకుంటానా?"

"మల్ల ఈ పూలచొక్కా ఎవరికోసరం వేసుకొచ్చినావు? ఏసీ కోసరమా?"

"మీ పూలు ఎవరికోసరమో చెప్తే, నా చొక్కా సంగతి చెప్తా."

ఆమె తలుపు చూపించింది. అతను సామాన్ల సంచి ఎత్తుకున్నాడు. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు. మలుపులో చూశాడు. కిటికీ కర్టెన్ కదిలి ఆగింది.

ఆ రాత్రి ధనుంజయ సరిగా అన్నం తినలేదు. పేరు పోయింది, పిల్ల కూడా పోయింది. రేపు కర్నూలువాడు వచ్చి ఇట్టే బాగుచేస్తే, జన్మలో ఆదోని వైపు తల ఎత్తలేడు. వాడు చూసి, చెడింది ఏమీ లేదు అంటే వనజ అబద్ధాలకోరు అవుతుంది. రెండోది అతనికి ఇంకా ఎక్కువ బాధగా ఉంది. అదెందుకో అర్థమయ్యాక అసలు పడుకోలేదు.

మర్నాడు ఏ మెకానిక్కూ చేయని పని చేశాడు. మండుటెండలో బైకెక్కి ఆదోని వచ్చాడు. ఎవరినీ పిలవకుండా బయటి మెట్ల మీదుగా మేడ ఎక్కాడు.

ఎక్కి, అక్కడే నిలబడిపోయాడు.

అవుట్‌డోర్ యూనిట్ ముందు ఒక నులకమంచం అడ్డంగా వేసి ఉంది. దాని మీద తడి గుడ్డ, గుడ్డ నిండా సండిగలు, అంటే పిండి వడియాలు. మంచం మీదుగా, యూనిట్ మీదుగా పాత చీరలు కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి డేరా కట్టారు. ఆ డేరాలో యూనిట్ తను వదిలిన వేడిగాలినే మళ్ళీ పీల్చుకుంటూ రొప్పుతోంది. పక్కనే గొడుగు నీడలో వనజ వాళ్ళమ్మ ఉచ్చీరమ్మ కూర్చుని కాకుల్ని తోలుతోంది.

"రా నాయనా. ఈ పొద్దు బిరీన వచ్చినావే."

"ఏమ్మా ఇది?"

"సండిగలు. ఎండకు పెడితే రెండు దినాలు పడతాది. ఈ గాలికి ఒక్క పూటలో గలగలమంటాయి. అంత మంచి గాలి ఊరికే పోతాంటే కడుపు మండె నాయనా. గాలి బయటికి పోకుండా చీరలు కప్పినా. నువ్వొచ్చే టైముకు అంతా తీసేస్తాంటి, నీ పనికి అడ్డమని."

వాన పడిన రోజు సండిగలు పెట్టలేదు. ఏసీ పనిచేసింది.

కాసేపటికి హాల్లో అందరూ చేరారు. చీరలు తీసేశాక గది నెమ్మదిగా చల్లబడుతోంది. వెంకటేశులు భార్యను తిట్టడానికి నోరు తెరిచి, ఊరికే పోయే గాలిని కూడా వదలని ఆ బుద్ధి ఎవరి దగ్గర నేర్చుకుందో గుర్తొచ్చి మూసుకున్నాడు. కర్నూలుకు ఫోన్ చేసి రావద్దని చెప్పాడు.

"సరేప్పా, రోగం దొరికె. ఇంక నీకు ఈడ పన్లేదు" అన్నాడు.

ధనుంజయకు ఎగిరి గంతేయాలనిపించాలి. అనిపించలేదు. వనజ వైపు చూశాడు. ఆమె ముఖంలోనూ సంతోషం లేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. అతను ఏదీ లూజు చేయలేదు. ఇద్దరూ నిన్నటిదాకా ఎంతో ఇష్టంగా మోసపోయారు.

"అయితే నువ్వు కావాలని చెడగొట్టలేదు" అంది నెమ్మదిగా, నష్టపోయినట్టు.

"నువ్వు కావాలని పిలవలేదు" అన్నాడు. మేడం అనడం మరిచిపోయాడు.

వెంకటేశులు వ్యాపారి. ఎదుటివాళ్ళ ముఖం చూసి బేరం తెలుసుకునే మనిషి. ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. ఇన్ని తూర్లు వచ్చినావే, మధ్యాహ్నం చెడిపోయే ఏసీని మధ్యాహ్నం వచ్చి చూడల్లని నీకెందుకు తట్టలేదు? పని రాదా?"

ధనుంజయ ముందు రెండు దారులున్నాయి. ఎండ మీదికో కంపెనీ మీదికో నెట్టేస్తే పరువు దక్కుతుంది. అతను సంచి కింద పెట్టాడు.

"పని వస్తాది సార్. మొదటిరోజే మేడ మీద కూర్చోనింటే మధ్యాహ్నానికి తెలిసిపోతాండె. పైకి పోబుద్ధి కాలేదు. కింద వనజ ఉండె."

వెంకటేశులు కూతురి వైపు తిరిగాడు.

"నువ్వేమంటావమ్మా?"

వనజ తల వంచుకోలేదు.

"మన వీధి చివర్నే ఇంకో ఏసీ మెకానిక్కు ఉండాడు నాయనా. నడిచిపోయి పిలవచ్చు. నేను ప్రతితూరి ఎమ్మిగనూరుకే ఫోన్ చేసినా."

వెంకటేశులు రిమోటు తీసుకుని, చుట్టాలొచ్చినప్పటిలాగే ఏసీని పదహారులో పెట్టాడు. తర్వాత భార్యతో, "ఎండలో పడి వచ్చినాడు, ఆ పిల్లోనికి అన్నం పెట్టు" అన్నాడు.