గోల్ కొట్టని కొడుకు

తన కొడుకు మీద దేవుడికి ఎందుకంత కోపమో సుభద్రమ్మకు ఏళ్ల తరబడి అర్థం కాలేదు. దీపం పెట్టకుండా ఆమె ఏనాడూ మగ్గం గుంతలోకి దిగలేదు. సోమవారం ఉపవాసం తప్పలేదు. అయినా ప్రమోద్ హైదరాబాద్‌లో ఒక బ్యాంకు జట్టుకు అన్నేళ్లు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు దెబ్బతిని నల్గొండకు తిరిగొచ్చేదాకా ఒక్క గోల్ కూడా కొట్టలేదు. దేవుణ్ణి గట్టిగా నిలదీయలేక, వత్తి ఎగదోస్తూ మెల్లగా అడుగుతుండేది.

ఇప్పుడు ప్రమోద్ అక్కడి ఆడపిల్లల జట్టుకు కోచ్. అతని కూతురు అనూహ్య ఆ జట్టులో గోల్స్ కొట్టే పిల్ల. సుభద్రమ్మ ఆశలన్నీ ఆ మనవరాలి మీదే.

ఆ ఆదివారం పాలమూరు జట్టుతో ఫైనల్. కోడలు రోజారమణి అందరికీ ఉప్మా పెడుతోంది. అనూహ్య బూట్ల లేసులు బిగించుకుంటోంది. ప్రమోద్ ఫోన్ పెట్టేసి కూతురి పక్కన కూర్చున్నాడు.

"అనూ, వెనక ఆడే సింధూజకు కాలు వాచిందంట. ఇయ్యాల నువ్వు వెనక ఆడాలె. డిఫెండర్‌గ."

అనూహ్య తల ఎత్తింది. "నేనా? బాపూ, స్టేట్ టీం సెలక్షనోళ్లు వస్తుండ్రు! గోల్ కొట్టకుంటె నన్నెవరు చూస్తరు?"

"ఆపెటోళ్లు లేకుంటె నువ్వు ఒకటి కొట్టేలోపు వాళ్లు మూడు కొడ్తరు."

పూజ దగ్గర కూర్చున్న సుభద్రమ్మ విసురుగా లేచి వచ్చింది.

"నీ లెక్కనే చేస్తవారా దాన్ని? వెనక నిలబడి నిలబడి నీ పేరు పేపర్ల ఒక్కనాడన్న వచ్చిందా? ఇగ బిడ్డను గూడ ఎవలికి కనబడకుండ చేస్తవా?"

"అత్తమ్మా, జర తిన్నంక కొట్లాడుండ్రి. ఉప్మా సల్లారిపోతాంది" అంది రోజారమణి.

"సల్లారనియ్యి! వీడు మొదటిపారి బూట్లు తొడిగిననాడు మొక్కిన. నా కొడుకు గోల్ కొడితె చెరువుగట్టు రామలింగేశ్వరునికి టెంకాయ కొడ్తనని! ఆ మొక్కు ఇంక నా నెత్తి మీదనే ఉంది. గది దీని చేతనన్న తీరుతదనుకున్న!"

ప్రమోద్‌కు ముందు నవ్వొచ్చింది. "డిఫెండర్ గోల్ కొట్టాలని మొక్కినవా అమ్మా?"

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఫోన్ చేసినప్పుడల్లా 'గోల్ కొట్టినవా బిడ్డా' అంటుంటివి. 'గెలిచిండ్రా' అని ఒక్కనాడన్న అడిగినవా? నేనుండేదే అవతలోళ్లను కొట్టనియ్యకుండ ఆపెటందుకమ్మా. కప్పు గెలిచిననాడు గూడ నీకు 'లేదమ్మా' అని చెప్పి, ఒక్కన్నే గదిల కూసొని ఏడ్చిన."

ప్రమోద్ బండి తాళాలు తీసుకుని లేచాడు.

"నా ఆట నువ్వు చూడలే. ఇయ్యాల నీ మనవరాలి ఆట చూడు. చూసినంక గూడ గిట్లనే అంటె, దాన్ని ఇగ వెనక నిలబెట్ట. ఒట్టు."

కాలేజీ మైదానం కేకలతో హోరెత్తుతోంది. రెండో సగంలో నల్గొండ ఒక గోల్ వేసింది. పిల్లలంతా ఒకరినొకరు వాటేసుకున్నారు. ఎక్కడో వెనక అనూహ్య ఒక్కతే చేతులు పైకెత్తి ఎగిరింది. సుభద్రమ్మకు గుండె చివుక్కుమంది.

అక్కణ్నుంచి పాలమూరు పిల్లలు అలలా మీద పడ్డారు. సుభద్రమ్మ బంతిని వదిలేసి మనవరాలినే చూడసాగింది. మగ్గం మీద పోగు తెగితే నేతగత్తె చూపు చప్పున అక్కడికే పోతుంది. అతకకపోతే చీర పొడుగునా సందు పడుతుంది. సరిగా అతికితే, అక్కడ పోగు తెగిందనే కట్టుకున్నామెకు తెలియదు. సుభద్రమ్మ జన్మంతా చేసిన పని అదే. ఇక్కడ సందు పడ్డ చోటికల్లా అనూహ్య పరుగెత్తి పోతోంది!

సుభద్రమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది. "అనూ! ఎడమ దిక్కు సూడే! సందు పడ్తాంది!"

అదే మాట అరవబోయిన ప్రమోద్ నోరు తెరిచి వెనక్కి చూశాడు.

"కూసోండ్రి అత్తమ్మా, కోచ్ ఆయన, మీరు గాదు!" అని రోజారమణి కొంగు పట్టి లాగింది.

చివరి నిమిషం. పాలమూరు పొడుగు పిల్ల గోల్‌కీపర్‌ను కూడా దాటేసి బంతిని తన్నింది. ఖాళీ గోల్ వైపు బంతి దొర్లుతోంది. మైదానమంతా ఊపిరి బిగబట్టింది. ఎక్కణ్నుంచి వచ్చిందో అనూహ్య, దుమ్ములో జారుతూ కాలు చాచి, గీత మీద నుంచి బంతిని బయటికి తన్నేసింది!

ఆఖరి విజిల్ మోగింది. నల్గొండ గెలిచింది. సుభద్రమ్మ చెప్పులు మరిచి మైదానంలోకి పరుగెత్తింది.

"గోల్ కొట్టలే అవ్వా" అంది అనూహ్య రొప్పుతూ.

"కొట్టనియ్యలే గద బిడ్డా!" ఆమె మనవరాలి ముఖం మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"సెలక్షనోళ్లు నా పేరు రాసుకున్నరో లేదో."

"రాసుకోకుంటె వాళ్లకు ఆట తెల్వనట్టే!"

వెనక నిలబడ్డ కొడుకు వైపు తిరిగింది. కళ్లు నిండిపోయాయి.

"నువ్వు గూడ గిట్లనే ఆపుతుంటివా కొడుకా?"

"అప్పుడప్పుడు అమ్మా."

"గట్లయితె బండి గట్టు దిక్కు తిప్పు."

చెరువుగట్టు మీద, గుడి ముందర పూజారి అడిగాడు. "ఏం మొక్కమ్మా?"

"నా కొడుకు ఆట మొక్కయ్యా."

"ఎప్పుడు తీరింది?"

"ఎప్పుడో తీరింది. నాకే తెల్వలే" అని సుభద్రమ్మ టెంకాయను రాతికేసి కొట్టింది.