ఆఖరి ప్రయాణానికి గ్రీజు

ఏటవాలు రోడ్డు చివర, గోడ పక్కన శవం. కొంచెం పైన సైకిలు. ఇంకా పైన, స్పీడ్ బ్రేకర్ దగ్గర, ఊడిపోయిన ముందు చక్రం.

చనిపోయినవాడు సైకిల్ షాపు ఓనరు. ఊళ్ళో అందరి చక్రాలూ బిగించి బతికినవాడు, సొంత చక్రం ఊడి పోయాడు.

ఇన్‌స్పెక్టర్ మేడం వంగి చక్రం ఇరుసును వేలితో రుద్దింది. వేలికి గ్రీజు అంటింది.

"సైకిల్ షాపాయన బండికి గ్రీజు కాక ఆముదం రాస్తారా మేడం?" అన్నాడు హెడ్ కానిస్టేబుల్.

ఆవిడ నవ్వలేదు. ఇరుసు కొనను భూతద్దంలో చూసింది. చక్రాన్ని స్టేషన్‌కు పంపించింది.

మధ్యాహ్నానికల్లా నిందితుడు లాకప్‌లో ఉన్నాడు. ఓనరు బావమరిది. వ్యాను డ్రైవరు. ముందు రోజు షాపు దగ్గరే బావ కాలరు పట్టుకున్నాడు. "మా అక్క మీద ఇంకోసారి చెయ్యి లేచిందా, నిన్ను రోడ్డు మీద పడేస్తా" అన్నాడు. బజారంతా విన్నది.

"చక్రం ముట్టుకున్నావా?"

"ముట్టుకున్నా. గొడవకి ముందు. అప్పుడు మెకానిక్ లేడు, నేనే పంచరు వేద్దామని."

"నట్టు ఊడిందా?"

"ఊడితేగా! తుప్పు పట్టి కరుచుకుపోయింది. ఒళ్ళు మండి ఇరుసు కొన మీద సుత్తితో ఒక్కటిచ్చా. అయినా కదల్లేదు. చక్రం అలా ఉంచే పంచరు వేశా."

"బండి ఎక్కడ పెట్టావు?"

"షాపు అరుగు మీదే. రోజూ అక్కడే ఉంటుంది."

బయట బెంచీ మీద ఓనరు భార్య. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. "మొగుడు పోయాడు. వీణ్ణి కూడా మీరే ఉంచేసుకుంటే నాకంటూ ఎవరు మిగులుతారు మేడం? మా తమ్ముడు నోటి దురుసు మనిషి. కానీ దొంగచాటుగా నట్లు వదులు చేసేంత ఓపిక వాడికెక్కడిది?"

ఓపిక. ఆ మాట దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆగింది.

మర్నాడు అందర్నీ షాపుకు పిలిపించింది. షాపు ముందు మురిక్కాలువ. దాని మీద చెక్క. అక్కాతమ్ముళ్ళూ పోలీసులూ చెక్క మీద నడిచి లోపలికి వచ్చారు. మెకానిక్ మాత్రం పక్కనుంచి కాలవ దూకి వచ్చాడు. షాపులో పని మొత్తం చేసేది ఇతనొక్కడే.

"వాణ్ణి వదలొద్దు మేడం. కోర్టుకొచ్చి చెప్పమన్నా చెబుతా" అన్నాడు మెకానిక్.

"అందుకే పిలిచాను. ఇదిగో పాత సైకిలు. ఇరుసు బిగుసుకుపోయింది. ఊడదీసి, మళ్ళీ పద్ధతిగా బిగించి చూపించండి."

మెకానిక్ ముఖం వెలిగింది. నట్ల మీద కిరసనాయిలు పోసి ఆగాడు. "తొందరపడితే మర, అదే నట్టు పట్టే గాడి, పోతుంది మేడం." స్పానర్‌తో నట్టును మెల్లగా అటూ ఇటూ కదిలించి ఊడదీశాడు. కొన మీద నొక్కుకుపోయిన మరను ఆకురాయితో సరిచేశాడు. తుప్పు తుడిచాడు. గ్రీజు రాశాడు. చక్రాన్ని ఫోర్కు మధ్యకు తెచ్చి, వాషర్లు బయటివైపు వేసి, ఎడమ నట్టు కాస్త, కుడి నట్టు కాస్త, మార్చి మార్చి బిగించాడు. చక్రం తిప్పి చూపించాడు.

"గ్రీజు ఎందుకు?"

"మళ్ళీసారి సులువుగా ఊడొస్తుంది మేడం. పొడి ఇరుసు ఎక్కించేవాడు మెకానిక్కే కాదు."

"మీ ఓనరు బండికి మళ్ళీసారి ఎక్కడుంది?"

అతని చేతిలో స్పానర్ ఆగిపోయింది.

"ఓనరు బావమరిది చెప్పింది నిజమే. సుత్తి దెబ్బ ఇరుసు మీద ఉంది. కానీ ఆ దెబ్బకు పాడైన మరను ఎవరో ఆకురాయితో సరిచేశారు. తుప్పు తుడిచి కొత్త గ్రీజు రాశారు. ఆ తర్వాత నట్లను చేత్తో తిప్పి వదిలేశారు. కోపంతో సుత్తి ఎత్తినవాడు మర సరిచేస్తూ కూర్చుంటాడా? ఆ బండి తిరిగి రాదని తెలిసీ గ్రీజు రాసిన చెయ్యి ఎవరిది?"

మెకానిక్ చూపు, తను కాలు పెట్టని ఆ చెక్క మీదికి పోయింది.

ఇన్‌స్పెక్టర్ బయటికి వెళ్ళి చెక్కను తిరగేసింది. అడుగున, బురద కింద, వెలిసిపోయిన రంగు అక్షరాలు. పాత షాపు బోర్డు.

"మా నాన్న బోర్డు" అన్నాడు మెకానిక్. "ఈ ఓనరు ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన్నే బయటికి గెంటి, ఆ బోర్డు మీద బజారందర్నీ చెప్పులతో నడిపించాడు. నా కళ్ళ ముందే. ఎవరో ఒకరు వాణ్ణి నలుగురిలో బెదిరించే రోజు కోసం కాచుకున్నా."

"మా తమ్ముడు నీకేం చేశాడురా?" అంది ఓనరు భార్య.

అతను తల ఎత్తలేదు. "నట్లు వదిలేశానమ్మా. గ్రీజు వదల్లేకపోయా."

పగబట్టినవాడు ఎదుటివాడి కోపాన్నీ, బజారు చెవుల్నీ తూకం వేసుకుంటాడు. తన చేతి అలవాటును తక్కెట్లో పెట్టడం మరిచిపోతాడు.

బోర్డును గోడకు ఆనించారు. బేడీలు పడ్డవాడూ, విడుదలైన తమ్ముడూ, అక్కా, పోలీసులూ, అందరూ కాలవ దూకే బయటికి వచ్చారు.