తెరచాపల అడవి

పిల్లలూ, మ్యాపులో వెస్టిండీస్ దీవులు చూశారా? సముద్రం మీద ఎవరో మరమరాలు చల్లినట్టుంటాయి. వాటి మధ్య, మ్యాపు గీసినవాళ్ళు మరిచిపోయిన చిన్న దీవి మారిగోల. తెల్లదొరలు దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కున్నారు. జెండా మారేది, దొర మారేవాడు, చెరకుతోటలో కొరడా మాత్రం మారలేదు. ఆ తోటల్లో పనికి కొందరిని ఆఫ్రికా నుంచి గొలుసులతో, కొందరిని మన విశాఖ తీరం నుంచి మాయమాటలతో ఓడలెక్కించి తెచ్చారు.

చివరికి దొరలు పోయారు. జనం అబెనా అనే ముసలమ్మను రాణిని చేసుకున్నారు. ఆ సంబరంలో కొండ మీది అడవిని తగలబెట్టారు. అది దొర వేటాడే అడవి. అందులో పుల్లలు ఏరుకున్నందుకే అబెనా వీపు చిట్లిపోయింది. మొదటి కాగడా ఆమెదే. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అయినా ఆ వీపు చూస్తే ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అప్పటినుంచి వాన లేదు, ఊటలు ఎండాయి. మబ్బులు దీవిని దాటిపోయి ఎదుటి దీవి కొండ మీద కురిసేవి. దొర శాపం పెట్టి పోయాడని అందరూ నమ్మారు.

"పడవలు సిద్ధం చేయండి. తలో దీవికీ పోయి బతుకుదాం," అంది రాణి.

ఆ మాటకు నూకాలు అనే పిల్ల గుంపులోంచి ముందుకొచ్చింది. ఆమె ముత్తాత, ఆయన తమ్ముడు ఒకే ఓడలో వస్తే, దొరలు వాళ్ళను చెరో దీవికి పంపేశారు. ఆ అన్నదమ్ములు మళ్ళీ కలవలేదు.

"మళ్ళీ సెదిరిపోడానికి నాను ఓడెక్కను, రాణమ్మా. ఆ మబ్బుల్నే అడిగొస్తాను," అంది నూకాలు.

చిన్న దోనెలో బయలుదేరింది. రెండు సముద్రాలు ఢీకొనేచోట దోనె గిర్రున తిరిగింది. ఒక ముసలి తాబేలు తల పైకెత్తి, "ఎదురీదకు పిల్లా, నీటితోపాటు పో. అలిసిపోయాక అదే ఒడ్డుకు తోస్తుంది," అంది. నూకాలు అలాగే చేసి ఎదుటి దీవి ఒడ్డు చేరింది.

అక్కడ ఘుమఘుమలాడే పళ్ళతో ఒక చెట్టుంది. ఆకలితో చెయ్యి చాచబోతే, పడవ చెక్కుతున్న ఒక ముసలాయన ఆపాడు.

"అది విషం. దాని ఆకు మీంచి జారిన చినుకుకే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది."

"నువ్వెవులు, తాతా?"

"జెండాలు రాకముందు ఈ దీవులన్నీ మావాళ్ళవే. ఇప్పుడు ఈ వాగొడ్డు మాత్రం మిగిలింది."

నూకాలుకు తన కష్టం చిన్నదనిపించింది. ఆయన చూపిన దారిన కొండెక్కింది.

శిఖరం మీద, చెట్లను పరుపు చేసుకుని మబ్బుల భూతం పడుకుని ఉంది.

"దొర పెట్టిన సాపం తీసీ, సామీ," అని దండం పెట్టింది నూకాలు.

"శాపమా? నేను వాలడానికి చెట్లేవి? మీ బోడికొండ మీద కాకి కూడా వాలదు."

"మొక్కలు నాటతాం."

"నీళ్ళు లేకుండా ఎలా బతుకుతాయి?"

చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టయింది. నూకాలు దిగులుగా కూలబడింది. కొమ్మకు ఆరేసిన ఆమె పైగుడ్డ ఆరకపోగా, మబ్బు తేమకు తడిసి బొట్టుబొట్టుగా కారుతోంది. దానివైపు చాలాసేపు చూసింది.

"నీకు సెట్టే కావాలేటి, ఎత్తుగా నిలబడి తడిని పట్టేదేదైనా సరిపోద్దేటి?"

భూతం బద్ధకంగా ఒత్తిగిల్లింది. "ఇంతవరకు ఎవరూ అడగలేదు. నిలబెట్టి చూడు."

నూకాలు తిరిగొచ్చి అందరిముందూ ఉన్నమాట చెప్పింది. "సాపం ఎవులూ పెట్టలేదు. అడివి కాల్చింది మనమే. పడవల నిలువు కొయ్యలు తీసి కొండ మీద పాతాల. వాటికి తెరచాపలు, వలలు కట్టాల."

"వాన రాకపోతే? పారిపోవడానికి పడవ కూడా ఉండదే," అన్నారు జనం. అందరూ రాణి వైపు చూశారు.

అబెనా బోడికొండ వైపు తిరిగింది. "దొర నా వీపు కొట్టాడు. నేను పోయి కొండ వీపు కొట్టాను," అంది. గొడ్డలి అడిగి తీసుకుని, ముందు తన పడవ కొయ్యనే నరికింది.

దీవి మొత్తం కొయ్యలు మోసింది. కొండ మీద తెరచాపలు లేచి నిలిచాయి. మబ్బు వచ్చింది, ఆగింది, అనుమానంగా వలలను తడిమింది, ఆపైన మెల్లగా వాలింది. తెల్లారేసరికి ప్రతి వల నుంచీ నీళ్ళు కారుతున్నాయి. ఆ నీళ్ళకింద మొక్కలు నాటారు. మొక్కలు చెట్లయ్యాయి, చెట్లు వానను పిలిచాయి.

అబెనా తరవాత నూకాలే రాణి అయింది. మారిగోలవాళ్ళు మళ్ళీ పడవలు కట్టుకుని చుట్టుపక్కల దీవులన్నీ తిరిగారు. ఆ పడవలు ఎక్కినవాళ్ళంతా ఇంటికి తిరిగొచ్చేవాళ్ళే.