తమ్ముడి వంతు అడుగులు

తమ్ముడు పనిచేసే గోదాములో అందరి మణికట్టుకీ అడుగులు లెక్కపెట్టే పట్టీ కట్టారు. రోజుకి ఎనిమిది వేల అడుగులు నడిస్తే ఇంటిల్లిపాదికీ ఇన్సూరెన్స్ ఉంటుంది. వరసగా మూడు రోజులు తప్పితే ఇంట్లోవాళ్ళ పేర్లు కొట్టేస్తారు. మా మరదలికి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ ఇన్సూరెన్స్ మీదే ఆమె ప్రాణం.

తమ్ముడికేమో నాలుగడుగులు వేస్తే ఆయాసం. "ఆఫీసువాళ్ళకి నా గుండెతో పనేముందక్కా, కాళ్ళుంటే చాలు," అని నవ్వేవాడు. చూడలేక, సాయంత్రం వాడు ఇంటికి రాగానే ఆ పట్టీ నేను కట్టుకునేదాన్ని. అడుగుకోసారి దేవుణ్ణి తలుచుకుంటూ వరండాలో తిరిగేదాన్ని. పుణ్యానికి పుణ్యం, పనికి పని అనుకున్నాను.

కంపెనీ డాక్టరు ఆ లెక్క చూసి, "ఇంత నడిచేవాడికి జబ్బేమిటయ్యా, గుర్రంలా ఉంటేనూ!" అని పరీక్షలేవీ రాయకుండా పంపేశాడట. పదిరోజులకి తమ్ముడు పనిచేసే బల్ల మీదే తలవాల్చి మళ్ళీ లేవలేదు. వాడి జబ్బుని దాచిపెట్టింది నా కాళ్ళే.

వాడు పోయాక కంపెనీ దయతలచింది. ఏడాదిపాటు ఇన్సూరెన్స్ ఉంచుతామంది. మరదలే పట్టీ కట్టుకుని నడవాలంది. ఆమెకి మంచం దిగడమే గగనం. మళ్ళీ నేనే కట్టుకున్నాను.

మొదటి సాయంత్రం. వాన వెలిసింది. గోడల నుంచి తడి సున్నం వాసన. నడుస్తుంటే నా వెనకాల ఎవరో... అరడుగు ఆలస్యంగా. ఆ ఆయాసం నాకు తెలుసు.

"అక్కా... నువ్వు కూర్చో. నా వంతు నేను నడుస్తా."

ఏడుస్తూనే పట్టీ తీసి కిటికీ గట్టు మీద పెట్టాను. తెల్లారి చూస్తే ఎనిమిది వేలు! దేవుడు కరుణించాడనుకున్నాను. మరదలికి చెప్పలేదు. నెల్లాళ్ళు అలాగే గడిచాయి.

ఒకనాటి సాయంత్రం మందులు తెచ్చేసరికి మంచం ఖాళీ. వరండాలో మరదలు నడుస్తోంది. కళ్ళు మూసుకుని... ఎవరో పట్టుకున్నట్టు ఒక చెయ్యి ముందుకి చాచి. పట్టీ ఆ చేతికే ఉంది.

"ఆగమ్మా, పడిపోతావు!"

"ఆయన ఆగనివ్వడం లేదు వదినా... ఇంక కొంచెమే ఉందంటున్నారు."

నవ్వింది. కాపురానికొచ్చిన కొత్తలో నవ్విన నవ్వు.

"తమ్ముడూ... దాన్ని వదిలెయ్‌రా. నేను నడుస్తాను. ఎంతంటే అంత నడుస్తాను..."

ఆయాసం వినిపిస్తోంది... ఇద్దరిదీ.

గబగబా పట్టీ ఊడదీశాను. ఆమె ఆగలేదు. నా అరచేతిలో అంకె కదులుతూనే ఉంది... పెరగడం లేదు, తగ్గుతోంది.

రెండు వందల పది... రెండు వందల తొమ్మిది...