దయావతి మానేసిన ఉద్యోగం

ఆ ఉదయం ఇస్నాపూర్‌లోని ఇంట్లో దయావతి ఉప్మా కలుపుతోంది. సంగారెడ్డి కాలేజీలో ముప్పై ఏళ్ళు తత్వశాస్త్రం చెప్పి, చదువు గురించి ఓ పుస్తకం కూడా రాసి రిటైరైన ఆమె భర్త దావీదు, అద్దం ముందు నిలబడి ప్రసంగం చదువుకుంటున్నాడు. రెండేళ్ళ క్రితం అతను ఓ పార్టీలో చేరాడు. జిన్నారం దగ్గర ఒక రసాయన ఫ్యాక్టరీని విస్తరించాలా వద్దా అని ఆ రోజు జనం అభిప్రాయం అడుగుతున్నారు. పార్టీ తరఫున అతనే మాట్లాడాలి.

కూతురు నిస్సీ ఆ కాగితాలు తీసుకుని చదివింది. ముఖం మారిపోయింది.

"ఇదేంది నాయినా? ఫ్యాక్టరీ పక్క చెరువు నీళ్ళు మంచిగున్నయని రాసినవ్! పోయిన నెల పరీక్ష చేయించింది మనిద్దరమే కద. నీళ్ళల్ల విషముందన్న రిపోర్టు నీ బీరువలనే ఉంది."

"జెర మెల్లగ మాట్లాడు. మా క్యాండిడేట్ గెలిస్తెనే పేదోళ్ళకు ఇండ్ల జాగలొస్తయి. ఇప్పుడు ఎలక్షన్లకు పైసలిచ్చే కంపెనీతోని లొల్లి పెట్టుకుంటే ఎట్ల? పుస్తకం వేరు, రాజకీయం వేరు."

"నీ పుస్తకంల గట్ల రాయలేదు గద!"

"అనుభవం లేనప్పుడు రాసిన!" దావీదు బల్ల మీద గట్టిగా చరిచాడు. "గా పుస్తకాన్ని నమ్మి ఎవరు బతికిన్రు? ఒక్కర్ని చూపియ్యి."

దయావతి స్టవ్ ఆపి గుమ్మంలోకి వచ్చింది.

"నేను బతికిన," అంది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"మీ పుస్తకం మూడుసార్లు సాఫ్‌గ తిరగ రాసింది నేనే. తెలిసిన నిజాన్ని దాచే చదువు చదువే కాదని రాసిన్రు. నేను బడిల క్లర్కుగ ఉన్నప్పుడు, లేని పిల్లల పేర్లు రిజిస్టర్ల ఎక్కియ్యమన్నరు. మీ మాటే యాదికొచ్చింది. ఎక్కియ్యనన్న. ఇంటికి పంపిన్రు."

"మోకాళ్ళ నొప్పులకు మానేసినంటివి గద..." అన్నాడు దావీదు.

"చెప్తే పరేషానైతరని." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "పదకొండేండ్లైంది. ఒక్క దినం బాధపడలే. ఇయ్యాల గా మాట ఉత్తదేనని మీరే అంటే..."

దావీదు కుర్చీలో కూలబడ్డాడు. లేచి, బీరువా తెరిచి రిపోర్టు తీశాడు.

"మీరిద్దరు గూడ రాండ్రి," అన్నాడు.

జిన్నారంలో టెంటు కింద మైకు అందుకుని, ఆ రిపోర్టులోని అంకెలన్నీ చదివాడు. చెరువు పక్క ఊళ్ళవాళ్ళు లేచి నిలబడ్డారు. పార్టీ నాయకుడు మాత్రం అతన్ని దాటుకుంటూ, పలకరించకుండానే కారెక్కాడు.

దావీదు వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"భయమైతుంది దయా. రెండేండ్ల కష్టం పాయె. ఇండ్ల జాగల గురించి ఇగ ఎవరు అడుగుతరు?"

"మనమే అడుగుదం." ఆమె అతని చేతులు తన ఒళ్ళోకి తీసుకుంది. "నౌకరి పోయిన దినం నాకు గూడ గిట్లనే భయమైంది. పక్కన ఎవ్వరు లేకుండె."

"ఎందుకు మానేసినవని నేనన్న అడగకపోతి," అంటూ దావీదు అందరి ముందే ఏడ్చేశాడు.